హజ్జా వచ్చేలోగా

తిరగదే. పాన బిగించి, రెండు చేతులా పట్టుకుని, ఒంట్లో ఉన్న బరువంతా దాని మీద వేసినా ఆ పాత షవరు గొట్టం మీద నుంచి వెంట్రుకవాసి కదలదే. రియాద్ నీళ్లలోని ఉప్పు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పేరుకుని షవరునూ గొట్టాన్నీ ఒక్క ముద్ద చేసేసింది. దాని కన్నాల్లో సగం ఎప్పుడో మూసుకుపోయాయి, మిగతా సగంలో ఒకటి కప్పుకేసి చిమ్మితే ఒకటి గోడకేసి చిమ్ముతుంది, నిన్నటితో నడిమికి పగులు కూడా ఇచ్చింది, ఇంకా దీనికి పట్టుదల చూడు, అనుకుంది హాజిరా ప్లాస్టిక్ స్టూలు ఎక్కి మునివేళ్ల మీద నిలబడి. ఉండు, నీ పట్టుదలో నా పట్టుదలో ఇవాళ తేలిపోవాలి. రాయచోటి నుంచి వచ్చి మూడేళ్లుగా ఈ ఇంటి గచ్చు రుద్దిన చేతులివి, పదిమంది చుట్టూ కూర్చుని తినే మాంసం పళ్లెం ఒంటరిగా ఎత్తిన చేతులు, నీలాంటి ఇనుపముక్కకు లొంగుతాయా. అయినా ఇది తన పనా? కాదు, ప్లంబర్ పని. ప్లంబర్ రాలేదా అంటే వచ్చాడు. పానల సంచీ, డబ్బాలో కొత్త షవరు అన్నీ పట్టుకుని వచ్చి, ఇంటికీ ప్రహరీకీ మధ్య సందులో, ఈ స్నానాలగది వెంటిలేటర్ కింద ఎండలో నిలబడి ఉన్నాడు. లోపలికి మాత్రం రాకూడదు. ఇంట్లో మగదిక్కు లేనప్పుడు పరాయి మగవాడు గడప తొక్కకూడదు. ఇంటి యజమాని, వీసా ఇచ్చి తనను తెప్పించుకున్న కఫీల్, ఆఫీసులో ఉన్నాడు. డ్రైవర్ కారు తీసుకుని ఎయిర్‌పోర్టుకు పోయాడు. మేడం ముందుగదిలో ఫోను పక్కన కూర్చుని ఒక్క మాటలో తేల్చేసింది: వాడు బయట నిలబడి చెప్తాడు, నువ్వు లోపల చెయ్యి. ఎంత సులువో చూడు. గోడకు అవతల పని తెలిసినవాడు, ఇవతల పని తెలియని మనిషి, మధ్యలో జానెడు వెంటిలేటర్.

సులువో కష్టమో, అయి తీరాలి. డ్రైవర్ వెళ్లింది కఫీల్ తల్లిని తీసుకురావడానికి. తాయిఫ్ విమానం దిగి, సామాను తీసుకుని, కారెక్కి ఇల్లు చేరడానికి గంట, మహా అయితే గంటన్నర. అందరూ హజ్జా అని పిలిచే ఆ పెద్దామె దానిమ్మ తోటలు, గులాబీ తోటలు వదిలి ఏడాదికి రెండుసార్లు కొడుకు ఇంటికి వస్తుంది, వచ్చీరాగానే స్నానం చేస్తుంది, మోకాళ్లు వంగవు కాబట్టి ఇదిగో ఈ స్టూలు మీదే కూర్చుంటుంది, పక్కన నిలబడి నీళ్లు పోసి వీపు రుద్దేది హాజిరా. ఈసారి ఒక్కరోజే ఉంటుందట. నిన్న షవరు పగలగానే మేడం మొహం వెలిగిపోవడం హాజిరా చూసింది. అత్తగారు వచ్చేసరికి బాగుపడకపోతే ఇబ్బందేమీ లేదు, నేరుగా మీ ఇంటికి తీసుకొచ్చేస్తాను, అక్కడ ఇద్దరు పనివాళ్లున్నారు, స్నానం వాళ్లే చేయిస్తారు, అని ఫోనులో చెల్లెలితో అంది. అప్పటికీ కఫీల్ పట్టుబట్టబట్టి ఈ ప్లంబర్ వచ్చాడు. హాజిరాకు మేడం లెక్క తెలియదా ఏమిటి? పెద్దామె ఇంట్లో ఉన్నంతసేపూ, హాజిరాతో ఒంటరిగా మాట్లాడనివ్వకుండా, మేడం ఆమె కొంగు వదలదు. కాఫీ తెస్తే పక్కనే, భోజనం పెడితే పక్కనే, నిద్రకు కూడా ఆ గదిలోనే పరుపు వేసుకుంటుంది, చూసేవాళ్లు ఎంత మంచి కోడలు అనుకోవాలి. ఒక్క స్నానాలగదిలోకి మాత్రం రాదు. కోడలి ముందు ఒళ్లు విప్పడం పెద్దామెకు సిగ్గు. పనిమనిషి ముందు సిగ్గు లేదు, పనిమనిషి మనిషి లెక్కలోకి రాదు కదా. సరే, రాకపోతే రాకపోయింది, ఆ రాకపోవడమే ఇవాళ హాజిరాకు దొరికిన దారి. ఈ షవరులోంచి నీళ్లు రావాలి. నీళ్లు వస్తేనే పెద్దామె ఈ స్టూలు మీద కూర్చుంటుంది, కూర్చుంటేనే హాజిరా ఆ మాట చెప్పగలుగుతుంది. చెబితేనే ఇల్లు. లేకపోతే మళ్లీ మేడం వాయిదాలే: హజ్ అయ్యాక, హజ్ అయ్యాక చలికాలం, చలికాలం అయ్యాక మళ్లీ రంజాన్.

మళ్లీ పాన పట్టింది. ఈసారి పాన జారి వేలు నలిగింది. "నీ పాసుగూల!" అని అరిచింది షవరు మీద, రాయచోటి బస్టాండులో అరిచినంత గట్టిగా. వెంటిలేటర్ కింద నవ్వు వినపడింది. అంతదాకా అతను హిందీలో చెబుతున్నాడు, బెహన్ ఇటు తిప్పు, బెహన్ అటు తిప్పు అని. ఇప్పుడు గొంతు తగ్గించి అన్నాడు. "తెలుగోళ్లా అక్కా? మాది జగిత్యాల దగ్గర. నా పేరు భూమేష్."

స్టూలు మీద నిలబడ్డదల్లా గోడ పట్టుకుంది హాజిరా. ఎన్నాళ్లయింది తెలుగు చెవిన పడి? ఇంట్లో తను ఉర్దూ, వీధిలో తెలుగు, రెండూ తనవే, ఇక్కడికొచ్చాక రెండూ మూలపడి ఈ ఇంటి అరబ్బీ ముక్కలే నోట్లో తిరుగుతున్నాయి: తే, పో, తుడువు, ఇంకా అవలేదా. మేడం పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు మాత్రం, వాళ్లకు అర్థం కాదు కాబట్టి, తెలుగులో నోటికొచ్చినన్ని తిట్లు జోలపాట రాగంలో పాడేది, చిన్నపిల్ల నూరా చప్పట్లు కొట్టి మళ్లీ పాడమనేది. ఆ పిల్ల మీద కోపం లేదు. నాలుగేళ్ల పిల్ల, తన చేతిలో పెరిగింది. తన కూతురు జాహెదాను వదిలి వచ్చేనాటికి దానికీ ఐదేళ్లే. హాజిరా అక్క ఇంట్లో ఉంటోంది, ఇప్పుడు ఎనిమిదేళ్లు, బడిలో తెలుగు రాయడం నేర్చి మొన్నటి ఉత్తరంలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది, నాకు నీ మొహం సరిగ్గా గుర్తు రావడం లేదు అమ్మా, ఫొటో పంపించు అని. ఫొటో ఎందుకే, మొహమే వస్తుంది, అనుకుంది హాజిరా ఆ రోజు. ఇప్పుడూ అదే అనుకుని పాన గట్టిగా పట్టుకుంది.

"తిరగల్యాదు న్నా. ఉప్పు పట్టి బిగుసుకోని పోయుండాది."

వేడినీళ్లలో గుడ్డ ముంచి చుట్టి కాసేపు ఉంచమన్నాడు భూమేష్, ఉప్పు కొంచెం మెత్తబడుతుందట. తర్వాత గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురు తిప్పమన్నాడు. గడియారమా? నా గదిలో గడియారం లేదు న్నా, మేడం పిలిస్తే తెల్లారినట్టు, పిలుపు ఆగితే పొద్దుగూకినట్టు, అంది. అయితే హార్లిక్స్ సీసా మూత తీసినట్టు తిప్పు, అన్నాడు అతను. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా. వంటింట్లోంచి కెటిల్ తెచ్చి, తువ్వాలు తడిపి, పొగలు కక్కుతున్నదాన్ని షవరు మెడకు చుట్టి, ఆ తువ్వాలు చూస్తూ నిలబడింది. ఈ తువ్వాలునే యుద్ధంలో రోజూ తడిపేది. ఈ గుమ్మం కిందే కుక్కేది.

యుద్ధం అనగానే మిగతావాళ్లకు టీవీలో కనిపించే విమానాలు గుర్తొస్తాయేమో, హాజిరాకు మాత్రం గుర్తొచ్చేది గోధుమరంగు టేపు. జనవరిలో కఫీల్ అట్టపెట్టె నిండా టేపు చుట్టలు తెచ్చాడు, సద్దాం విషవాయువు వదులుతాడంటున్నారు, కిటికీలు లేని గదిలో దాక్కోవాలన్నాడు. ఉన్నవాటిలో పెద్దది, గట్టిది, ఒక్క వెంటిలేటర్ తప్ప సందు లేనిది ఈ స్నానాలగది. వెంటిలేటర్‌కు అట్ట పెట్టి టేపు వేశారు. ముసుగులు ఐదు వచ్చాయి. ఇంట్లో మనుషులు ఆరుగురు. సైరన్ మోగగానే కఫీల్, మేడం, ముగ్గురు పిల్లలు పరుగున ఈ గదిలోకి దూరేవాళ్లు. తలుపు లోపలినుంచి టేపు వేస్తే సరిగా అతకడం లేదని, తలుపు చుట్టూ బయటినుంచి టేపు వేసే పని మేడం హాజిరాకు అప్పగించింది. వాళ్లను లోపల పెట్టి, పైనా కిందా పక్కలా టేపు లాగి అతికించి, తడి తువ్వాలు గుమ్మం కింద కుక్కి, నువ్వు వంటింట్లో మొహానికి తడిగుడ్డ కట్టుకుని కూర్చో, అన్న మాట తలుపు అవతలినుంచి విని, అక్కడే గోడకానుకుని కూర్చునేది. వంటింటికి పోయేది కాదు. చస్తే ఇక్కడే చస్తాను, పొద్దున తలుపు తెరవగానే నా మీద కాలు పెట్టి దాటాలి వీళ్లు, అనుకునేది. లోపలినుంచి నూరా ఏడ్చేది, హాజిరా కావాలి, హాజిరాను పిలవండి అని. తెరిస్తే టేపు పాడవుతుందని మేడం కసిరేది. బయట దూరంగా దడామని పేలేది, ఇల్లంతా గిలక్కాయలా కదిలేది, పైన పింగాణీ గిన్నెలు మోగేవి. అయిపోయిందని రెండోసారి సైరన్ మోగాక టేపు పీకేది హాజిరాయే. ఒకసారి మాత్రం పీకలేదు. సైరన్ మోగింది, లోపల అందరూ తలుపు కొడుతున్నారు, హాజిరా మాత్రం లేచి వంటింట్లోకి పోయి, టీ పెట్టుకుని, చక్కెర రెండు చెంచాలు వేసుకుని, నిలబడే కమ్మగా తాగి, కప్పు కడిగి బోర్లించి, అప్పుడొచ్చి టేపు పీకింది. మేడం చెంప మీద కొట్టింది. కొట్టనీ, ఆ టీ రుచి ఇంకా నాలుక మీద ఉంది.

తువ్వాలు చల్లారింది. పాన బిగించి మూత తీసినట్టు తిప్పింది. కిర్రుమంది. మళ్లీ తిప్పింది, ఉప్పు పొడిగా రాలి కళ్లలో పడింది, షవరు చేతిలోకి ఊడివచ్చింది, పగిలి, కన్నాలు పూడి, పీత డొల్లలా ఉంది. భూమేష్‌కు చెప్పింది. కొత్త షవరు డబ్బా, సంచీ వంటింటి మెట్టు మీద పెట్టి పక్కకు పోతానన్నాడు, తను పోయాక తీసుకోమన్నాడు. తలుపు తీసేసరికి మెట్టు మీద సామాను మాత్రమే ఉంది, మనిషి మూల మలుపులో వీపు చూపించి నిలబడ్డాడు. మొహం చూడలేదు. సన్నటి వీపు, చెమటకు అతుక్కున్న చొక్కా. అతనికి మాత్రం భయం ఉండదా? పక్కింటివాళ్లు ఎవరైనా చూసి, ఆడవాళ్లున్న ఇంట్లో కిటికీతో మాట్లాడుతున్నాడంటే అతని గతి ఏం కాను. అయినా నిలబడ్డాడు. గొట్టం చివర మరలకు టేపు చుట్టి, ఈ కొత్తది బిగించు, తర్వాత చెప్తే సందులో ఇనపమూత కింద ఉన్న వాల్వు తిప్పి నీళ్లు వదులుతానన్నాడు. టేపు. హాజిరా చెయ్యి తనంతట తానే అలమరలోకి పోయింది, యుద్ధంలో మిగిలిన గోధుమరంగు చుట్టలు అక్కడే ఉన్నాయి. సంచీలో ఏముందో చూడాలన్న ఆలోచనే రాలేదు. ఈ గదిలో టేపు వేసి వేసి ఆ చేతికి అదొక్కటే తెలుసు. వెడల్పు టేపు చించి, మడిచి, నాలుగు చుట్లు చుట్టి, కొత్త షవరును గొట్టానికి బిగించి, వదలమంది.

వదిలాడు. ఇంకేముంది, అతుకు దగ్గర నుంచి నాలుగు వైపులా ఎగజిమ్మాయి నీళ్లు. గోడలు, అద్దం, మడిచి పెట్టిన కొత్త తువ్వాళ్లు, హాజిరా నెత్తి, ఒళ్లు. ఆపన్నా ఆపన్నా అని అరిచేలోగా గది గదంతా తడిసింది. మేడం పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో నిలబడి కిందా మీదా చూసి, ఖలాస్, ఇక అయిపోయింది, వాణ్ణి పొమ్మను, అత్తగారిని చెల్లెలింటికే తీసుకెళ్తానంటూ ఫోనువైపు తిరిగింది. కంఠంలో కోపం లేదు, పండగ ఉంది. హాజిరాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తడి బట్టలతో గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడి, పావుగంట, అంది అరబ్బీలో. మేడం ఆశ్చర్యపోయి చూసింది. పావుగంట, హజ్జా ఈ ఇంట్లోనే దిగాలని అయ్యగారు అన్నారు కదా మేడం, ఆయన అడిగితే ఏం చెబుతారు, అంది హాజిరా. మొగుడి పేరు చెప్పేసరికి మేడం నోరు మూసుకుంది. హాజిరాకే నవ్వొచ్చింది, ఈ మూడేళ్లలో నేర్చిన అరబ్బీ అంతా కలిపి ఇంత పని ఎప్పుడూ చేయలేదు.

తలుపు దగ్గరగా వేసి, జరిగింది వెంటిలేటర్‌కు చెప్పింది. భూమేష్ తిట్టలేదు. "ఆ టేపు గాదక్కా, సంచిల తెల్లది చిన్న చుట్ట ఉంటది సూడు. సాగుతది. నిమ్మళంగ సుట్టు, నేనీడనే ఉన్న."

తెల్లది ఉంది. పూలదండ దారంలా తేలికగా, లాగితే సాగుతూ, జిగురు లేకుండా. గొట్టం మీది గోధుమరంగు పీలికలు గోరుతో గీకి గీకి తీసింది, గుడ్డతో తుడిచింది, తెల్లది చుట్టడం మొదలుపెట్టింది. మూత బిగించే దిక్కుకే చుట్టాలట, లేకపోతే బిగిస్తుంటే ఊడివస్తుంది. ఒక చుట్టు, రెండు చుట్లు. రంజాన్‌లో పెద్దామె వచ్చినప్పుడు ఏం జరిగిందో ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు మండుతూనే ఉంటుంది. కాఫీ పోస్తుంటే పెద్దామె తన ముఖంలోకి చూసి అడిగింది, రెండేళ్లకని వచ్చావు కదా బిడ్డా, ఎప్పుడు పోతున్నావు అని. నోరు తెరిచేలోగా మేడం అందుకుంది: తనే పోనంటోంది అత్తయ్యా, పిల్లలు అలవాటైపోయారు, ఇక్కడే బాగుందంటోంది. ఇక్కడే బాగుందట! మొన్న ఆగస్టు పదికి టికెట్టు, పెట్టె సర్దుకుని కూర్చుంది, రెండో తారీఖున సద్దాం సైన్యం కువైట్‌లో దిగింది, విమానాలు లేవంది మేడం. నెత్తి మీద నుంచి రోజూ విమానాలు పోతూనే ఉన్నాయి. యుద్ధం అయ్యాక అంది, అయింది. రంజాన్ అయ్యాక అంది, అయింది. పాస్‌పోర్టు కఫీల్ ఇనప్పెట్టెలో. ఎవరితోనైనా చెప్పావంటే నా గాజులు పోయాయని పోలీసులకు చెప్తాను, వాళ్లు ఎవరి మాట వింటారో చూసుకో, అన్నది ఒకరోజు మెల్లగా, నవ్వుతూ, నూరాకు జడ వేస్తూ. ఆ భయానికే, రంజాన్‌లో ఇదే గదిలో పెద్దామెకు వీపు రుద్దుతూ, మేడం గుమ్మం అవతల ఉందేమోనని, నీళ్ల చప్పుడులో కలిసిపోయేలా గుసగుసగా చెప్పింది. పెద్దామెకు ఎడమ చెవి వినపడదు, కుడి చెవి అంతంతమాత్రం. ఊఁ, ఊఁ, ఇంకాస్త వేడి కలుపు, అంది పెద్దామె. అంతే. నీళ్లతో పాటు ఆ మాట కూడా తూములో కలిసింది. తర్వాత తలుచుకుని తలుచుకుని తనను తానే తిట్టుకుంది, ఏడాదికి రెండుసార్లు దొరికే అవకాశాన్ని గుసగుసలో పెట్టి పారబోశావు కదే అని. అదే పెద్దామె వెళ్తూ వెళ్తూ తన గడ్డం పట్టుకుని, నీ పేరు ఎవరి పేరో తెలుసుగా, బిడ్డ దాహానికి నీళ్ల కోసం రెండు గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తిన తల్లి పేరు, అంది. ఆ తల్లి ఏడుసార్లే పరుగెత్తింది హజ్జా, నేను వంటింటికీ మేడమ్‌కూ మధ్య రోజుకు డెబ్బైసార్లు, అనాలనుకుని అనలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రంజాన్‌లోదే. అభా అనే ఊరి నుంచి కఫీల్ చుట్టం ఒకాయన వచ్చాడు, ఏదో భూమి తగాదా. హాజిరా యాలకుల కాఫీ పోసిన చిన్న కప్పును ఆయన ముట్టకుండా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చల్లారిపోయింది కదా పాపం అని హాజిరా పోయి ఆ కప్పు తీసి, పారబోసి, వేడిది పోసి పెట్టింది. గది గదంతా బిగుసుకుపోయింది, కఫీల్ గుడ్లురిమాడు, మేడం వంటింట్లోకి లాక్కెళ్లి గిల్లింది. ఎందుకో తర్వాత డ్రైవర్ చెప్పాడు. ఏదైనా కోరి వచ్చినవాడు కాఫీ ముట్టకుండా ముందు పెట్టుకుంటాడు, ఇంటివాడు నీ కోరిక ఏమిటని అడిగి తీరాలి, తీరుస్తానన్నాకే అతను తాగుతాడు, ఆ కప్పు తీసేయడం అంటే పో అని గెంటినట్టు. నాకేం తెలుసు, మా ఊళ్లో టీ చల్లారితే మార్చి పోస్తాం, అంది హాజిరా. ఆ రోజు డ్రైవర్ మాటకు నవ్వుకుంది.

ఎనిమిది చుట్లు. బిగించింది, చేత్తో, తర్వాత పానతో. "ఉత్తరమేమన్న ఉంటే సంచిల పెట్టక్కా, బతా బజార్ల పోస్టు డబ్బల ఏస్త," అన్నాడు అవతలినుంచి భూమేష్. సంచిలో ఉత్తరం పెట్టడమా? ఒక్క క్షణం ఆశ పుట్టింది. తర్వాత తల అడ్డంగా ఊపింది, అతనికి కనపడదని గుర్తొచ్చి పైకి అంది.

"ఉత్తరం ఎందుకు న్నా. నేనే పోతా గదా. నీళ్లు ఇడువు."

నీళ్లొచ్చాయి. అతుకు దగ్గర ఒక్క బొట్టు లేదు. కొత్త షవరు వంద కన్నాల్లోంచి సన్నగా, నిటారుగా, వానలా దిగింది. ఈ గదిని మూడేళ్లు రుద్దింది, ఈ నీళ్లలో ఏనాడూ తడవలేదు, తన గదిలో బకెట్టూ డబ్బా. ఇప్పుడు బట్టలతోనే ఆ నీళ్ల కింద నిలబడింది, తల వెనక్కి వంచి, కళ్లు మూసుకుని, ఎలాగూ తడిసే ఉంది కదా. ఎవరన్నా చూస్తే? చూడనీ. తల మీద నుంచి మెడకు, మెడ మీద నుంచి వీపుకు జారుతున్న నీళ్లు ఎవరి సొత్తూ కావు. భూమేష్ మూడోసారి అడిగాడు, వస్తున్నాయా అక్కా అని. వస్తాండాయి న్నా, బాగా వస్తాండాయి, అంది. సంచీ మెట్టు మీద పెట్టి వచ్చేసరికి అతని అడుగులు సందు చివరకు పోయి వినపడడం ఆగిపోయాయి. అదే సమయానికి గేటు దగ్గర కారు హారన్ మోగింది.

పెద్దామె స్టూలు మీద కూర్చుంది. తాయిఫ్ గులాబీల వాసన, ముసలి ఒంటి వాసన, పలచబడ్డ తెల్లజుట్టు, వీపు మీద పుట్టుమచ్చలు. హాజిరా తలుపు గడియ పెట్టింది, ఇంతకు ముందెప్పుడూ పెట్టలేదు. కొత్త షవరు కుళాయి తిప్పి నీళ్లు భుజాల మీద పడనిచ్చింది, పెద్దామె హాయిగా నిట్టూర్చి, మంచి పని చేశావు బిడ్డా, ఇది ఎవరు బిగించారు అంది. నేనే, అంది హాజిరా. ఇప్పుడు చెప్పాలి. వీపు రుద్దుతూ కుడి చెవి దగ్గరికి వంగింది, రాత్రంతా పాఠంలా వల్లించుకున్న మాట మెల్లగా మొదలుపెట్టింది, అనా అబ్గా, నాకు కావాలి, అని. ఏమిటీ, అంది పెద్దామె, నీళ్ల చప్పుడులో వినపడక. బయట తలుపు మీద వేళ్ల చప్పుడు, మేడం గొంతు, యా హాజిరా, ఇంతసేపేమిటి, ఏం మాట్లాడుతున్నావు? అదే తలుపు. ఆ తలుపు చుట్టూ చేత్తో టేపు వేసిన మనిషి, ఇప్పుడు తలుపుకు ఇవతల ఉంది. మళ్లీ గుసగుసా? మళ్లీ తూములోకా? హాజిరా చెయ్యి చాచి నీళ్లు కట్టేసింది. గది నిశ్శబ్దమైపోయింది, షవరు నుంచి చివరి బొట్లు గచ్చు మీద పడడం వినపడుతోంది. వంగలేదు. నిటారుగా నిలబడి, పెద్దామెకూ వినపడేలా, తలుపు అవతల మేడమ్‌కూ వినపడేలా, రాయచోటి బస్టాండులో అరిచినంత గట్టిగా చెప్పింది.

"అనా అబ్గా అరూహ్ బైతీ. నాకు మా ఇంటికి పోవాలని ఉంది. పోనని నేను ఎప్పుడూ అనలేదు, హజ్జా. మేడం అబద్ధం చెప్పింది."

తలుపు మీద చప్పుడు ఆగిపోయింది. పెద్దామె తల తిప్పి, కళ్లలోకి జారుతున్న నీళ్లు తుడుచుకుని, చాలాసేపు చూసింది. నీకు పిల్లలున్నారా అంది. ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్లు, నా మొహం మర్చిపోయింది, అంది హాజిరా. గాజుల సంగతి కూడా చెప్పింది, ఎందుకు దాచాలి. నీళ్లు పొయ్యి, సబ్బు పోలేదు, అంది పెద్దామె. పోసింది, తుడిచింది, బట్టలు తొడిగింది, చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి నడిపించింది. ఇక ఏమైతే అయింది, పోలీసులనే పిలుస్తారో, గాజులే వెతుకుతారో, అన్న మాట అన్నదే, వెనక్కి తీసుకోను.

కఫీల్ ఇంకా రాలేదు. మేడం మొహం పాలిపోయి ఉంది, గబగబా తలగడలు సర్దింది. హాజిరా ముక్కు పొడుగు కూజాలోంచి కాఫీ పోసి పెద్దామెకు అందించింది. పెద్దామె కప్పు అందుకుంది, ఒకసారి అందులోకి చూసింది, వంగి, తివాసీ మీద తన ముందు పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. మేడం నవ్వబోయింది. ఖర్జూరం ముందుకు జరిపింది, చెల్లెలి పిల్లల గురించి ఏదో చెప్పింది, పెద్దామె వినపడనట్టు కూర్చుంది. కప్పు మీది పొగ సన్నబడింది, ఆగిపోయింది. గేటు దగ్గర కఫీల్ కారు ఆగిన చప్పుడు. మేడం లేచి, పళ్ల మధ్యనుంచి అంది, చల్లారిపోయింది, ఆ కప్పు తీసెయ్ త్వరగా. హాజిరా కదలలేదు. తీసెయ్ అంటుంటే, అని మేడం మళ్లీ అంది. తియ్యను, అంది హాజిరా తెలుగులో, ఆ గదిలో పైకి పలికిన మొదటి తెలుగు మాట అది. అర్థం కావడానికి మేడమ్‌కు భాష అక్కర్లేకపోయింది.

కఫీల్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు, తల్లి నుదురు ముద్దు పెట్టుకోవడానికి వంగాడు, వంగినవాడల్లా ఆమె ముందున్న నిండు కప్పు చూసి అలాగే ఆగిపోయాడు. భార్యవైపు చూశాడు, ఆమె కిటికీలోకి చూస్తోంది. మెల్లగా తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. సొంత కొడుకు ఇంట్లో నీకు కోరికేమిటమ్మా, ఏం కావాలి, అన్నాడు. పెద్దామె గడ్డంతో హాజిరాను చూపించింది.

"నన్ను కాదు. దాన్నడుగు."

అందరూ తనవైపు తిరిగారు. ఒంటి మీది బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి, తెల్ల టేపు ముక్క ఒకటి చేతికి అంటుకుని ఉంది. హాజిరా కూజాను తివాసీ మీద పెట్టి, ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"నా పాస్‌పోర్టు," అంది.